ప్రళయానికి రెండు గంటల కోత

సినిమా ఎట్ల పుట్టిందని అడిగితే
నాంపెల్లి తన చెయ్యి చూపిస్తడు.
గా చెయ్యే, ఆ పొద్దు జహ్రాల
పదకొండో అంతస్తు పరంజా మీద
మూతి ముందర వెట్టుకున్నా కనవడలేదట.

పదిన్నరకు తూజ్ లేచింది.
మొదలు వాసన, తడిసిన గోనెసంచి అసొంటిది,
అటెన్క ఎడారి దిక్కు నుంచి ఒక గోడ.
ఆ ఊళ్లె మేం కట్టని గోడ అదొక్కటే.
పట్టపగలు ఇటుకపొడి రంగు చీకటైంది,
వీధి దీపాలు పొద్దు మర్చిపోయి
ఒక్కొక్కటే వెలిగినయ్.
బెల్టు కొక్కెం పైపుకు తగిలిచ్చుకోని
ఉన్న కాడనే కూసున్నడు నాంపెల్లి.
"అయిపోయింది అనుకున్న" అంటడు,
"భయం కాలే. పనైతే ఆగింది గదా అనిపిచ్చింది."

దుమ్ము దిగినంక ఫోర్మన్ వచ్చిండు.
కండ్లు తుడుసుకుంట, నోటుబుక్కు దులుపుకుంట
అందరి పేర్ల ముందట
రెండు గంటలు కొట్టేసిండు.

గా రాత్రే కథ మొదలు.
చేతిరాత మంచిగుంటదని నన్ను కూసోవెట్టిండ్రు,
సిమెంటు చిట్టీల ఎన్క రాసిన.
మొదటి కథల సముద్రం పొంగి ఊరి మీదికొస్తది.
షాదుల్లా నవ్విండు. కెమెరా ఆయినదే, అంటే ఫోను ఆయినదే.
"తానానికే సల్లటి నీళ్లు లేక
గీజరు బందువెట్టి దాంట్ల దాసుకుంటున్నం,
సముద్రం యాడికెంచి తెస్తవ్?"

రెండో కథల మొగులు నుంచి నిప్పులు.
అవి దొరికినయ్.
తేజ్ బహాదుర్ రాత్రి డ్యూటీల ఇనుము కోస్తుంటే
గ్రైండరు రవ్వలను ఫోను తలకిందులు పట్టి తీసినం.
చుక్కలన్నీ పైకి రాలుతున్నట్టు వచ్చింది.
తప్పే. గని బాగుందని ఉంచినం.

మేకప్పుకు పైసలు పడలే,
షిఫ్టు దిగి మొఖం కడుక్కోకుంటే సాలు.

ఏసీ డబ్బాల అట్టలతోని నగరం కట్టినం.
అసలుదానికి నాలుగేండ్లు, దీనికి రెండు శుక్రవారాలు.
కూలగొట్టుడే కష్టమైంది.
మేస్త్రి రాజలింగు టేపు పట్టి
కిటికీలన్నీ ఒక్క కొలతల కోసిండు,
ఆఖరి రోజు దానికి అడ్డం నిలవడ్డడు.

అటెన్క సచ్చేటోళ్ల లిస్టు.
"నా బిడ్డ సూస్తదిరా, నన్ను సంపకు" అన్నడు రాజలింగు.
మొఫిజుల్ తల్లికి ఆయాసమట,
ఫోన్ల సూసి నిజమనుకుంటదట.
"నేను సస్తే అప్పులోళ్లు ఇంటి మీదికొస్తరు,
సినిమా అంటే ఇంటరా వాళ్లు?" అన్నడు భూమేశు.
పోనీ ఊరిడిచి ఉరుకుతరని రాస్తే
మూల మంచం మీద నుంచి ఎవడో,
"పాసుపోర్టులు ఆఫీసుల ఉన్నయ్, యాడికి ఉరుకుతం?"
నలభై రెండు మందిమి.
ఒక్కడు సావలే, ఒక్కడు కదల్లే.
గిదేం ప్రళయంరా అని నాంపెల్లి నెత్తి పట్టుకున్నడు.

ఆ రాత్రి ఒంటిగంటకు
ఎవ్వలికి చెప్పకుంట మెయిను స్విచ్చి బందువెట్టిండు,
ఒక్క నిమిషం. షాదుల్లా ఫోను పట్టుకున్నడు.
ఏసీల మోత లేకుంట
ఆ గదులు ఎట్లుంటయో మేమెప్పుడూ ఇనలేదు.

బొమ్మ రాలే, అంతా నలుపే.
సప్పుళ్లు వచ్చినయ్:
నల్లా చుక్క, ఒక దగ్గు, ఇనుప మంచం కిర్రు,
ఒకడు లేసి కూసున్నడు, ఇంకొకడు,
పై మంచం నుంచి దిగుతున్న కాళ్లు.
వాటి నడిమిట్ల నిద్రల ఒక గొంతు,
మంచిగ, పక్కనే ఎవరో ఉన్నట్టు,
"బర్రెకు నీళ్లు వెట్టినవా?"

పదకొండు నిమిషాల సినిమాల
గా నిమిషం అట్లనే ఉన్నది.
గొంతు ఎవనిదో ఎవ్వడూ ఒప్పుకోలే.
ఇంటికాడ బర్రెలున్నోళ్లం
పదమూడు మందిమి.